అభ్రకం రేకులో వెలుగు దారి

పాతబస్తీ గల్లీల్లో ఇస్త్రీపెట్టెలు బాగుచేసే దుకాణాల దగ్గర విప్పి పడేసిన పాత ఎలిమెంట్లు కంటబడుతుంటాయి. నైక్రోమ్ రిబ్బన్ చుట్టిన పలుచని రేకు ఒకటి, దానికి అటూ ఇటూ కాపుగా మరో రెండు రేకులు. కరెంటు ఇస్తే రిబ్బన్ ఎర్రగా కాలుతుంది. దాన్ని ఒంటికి చుట్టుకున్న రేకు మాత్రం కాలదు, కరగదు, కరెంటును పక్కకు పోనివ్వదు. ఏళ్ల తరబడి వాడాక రిబ్బన్ తెగి ఎలిమెంటు పోయినా రేకు చాలాసార్లు బాగానే ఉంటుంది. అది అభ్రకం. దుకాణంలో మైకా అంటారు, పాతబస్తీ పెద్దవాళ్లు అబ్రక్ అంటారు, మన ఊళ్లలో కాకిబంగారం.

నిప్పును తట్టుకోవడం ఈ రేకుకున్న పేరు. దీనికి ఇంకో విద్య కూడా ఉంది. దాన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. కంప్యూటర్ తెర ముందు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర తెర నల్లబడిపోతుంది. ఇప్పుడు తెరకూ అద్దాలకూ మధ్య అభ్రకం రేకు పెట్టండి. రేకు ఉన్నంత మేర వెలుగు తిరిగి వస్తుంది. రేకును తిప్పితే ఆ వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. మందాన్ని బట్టి పసుపు, ఎరుపు, ఊదా, నీలం రంగులు కూడా వస్తాయి. రేకులో ఏ రంగూ లేదు. వెలుగు కంపించే దిశను అది మార్చింది, అంతే.

వెలుగు తాను పోయే దారికి అడ్డంగా కంపిస్తుంది. దీపపు వెలుగులో అన్ని దిశల కంపనాలూ కలగాపులగంగా ఉంటాయి. కంప్యూటర్ తెర ఒకే దిశలో కంపించే వెలుగును పంపుతుంది. దాన్నే ధ్రువిత కాంతి అంటారు. అభ్రకం రేకులో ఒకదానికొకటి లంబంగా రెండు ప్రత్యేక దిశలున్నాయి. ఒక దిశలో కంపించే వెలుగు కాస్త త్వరగా పోతుంది, రెండో దిశలో కంపించేది కాస్త వెనకబడుతుంది. వక్రీభవన గుణకాల మధ్య తేడా చాలా చిన్నది, దాదాపు 0.0045. కానీ రేకు మందమయ్యేకొద్దీ ఆ వెనకబాటు పోగవుతుంది. బయటికి వచ్చేసరికి రెండు కంపనాలూ అడుగు కలవక, కొత్త దిశలో గానీ గుండ్రంగా గానీ కంపించే వెలుగుగా మారతాయి.

ఇక్కడ మందానికి ఎంత విలువో చూడాలి. ఒకే దిశ కంపనాన్ని పోనిచ్చే పలకలు, అంటే పోలరైజర్లు, రెండు ఒకదానికొకటి అడ్డంగా పెట్టినప్పుడు వాటి మధ్య 0.12 మిల్లీమీటర్ల రేకు ఎర్రగా కనిపిస్తే, 0.13 మిల్లీమీటర్ల రేకు నీలానికి తిరుగుతుంది. తేడా మిల్లీమీటరులో నూరో వంతు. వేలితో తడిమితే తెలియని ఆ తేడా కంటికి ఎరుపుకూ నీలానికీ ఉన్నంత దూరంగా కనబడుతుంది. రేకు మీద ఎక్కడైనా పొర సగంలో తెగి ఆగిపోతే, ఆ గీతకు ఇటు ఒక రంగు, అటు ఒక రంగు. మధ్యలో మసక ఉండదు. రంగు మారిన చోట గీత కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుంది. ఆ నిటారుతనాన్ని బట్టే తెలుస్తుంది, ఇది పూత పూసింది కాదు, నునుపు చేసింది కాదు, పొరల వెంట విడిపోయిన స్ఫటికం అని.

సోడియం దీపపు పసుపు వెలుగుకు క్వార్టర్ వేవ్ ప్లేట్ కావాలంటే, అంటే ఒక కంపనం రెండోదాని కంటే అలలో నాలుగో వంతు వెనకబడేలా చేసే పలక కావాలంటే, అభ్రకం మందం 32 మైక్రాన్ల చుట్టుపక్కల ఉండాలి. ఒక్కో పొర ఒక నానోమీటరు. అంటే 32 వేల పొరలు, కాస్త అటూ ఇటుగా. పాత ఖనిజ శాస్త్ర ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శినికి పక్కన దూర్చే ఇత్తడి చట్రంలో ఉండే పలక ఇదే. ఆ పలకను అరగదీసి, మెరుగుపెట్టి తయారుచేయలేదు. చీల్చి తీశారు. గాజు పలకను అంత సమంగా మెరుగుపెట్టాలంటే గంటల పని. అభ్రకం చీలిన ముఖం పరమాణువుల స్థాయిలో నునుపుగా ఉంటుంది. అంతకు మించి మెరుగుపెట్టగల పనివాడు లేడు.

ఈ లెక్క చూసినప్పుడల్లా నెల్లూరు గుర్తొస్తుంది. అభ్రకం వ్యాపారంలో అన్నిటికన్నా పలుచని సరుకు స్ప్లిటింగ్స్. దాని మందం అంగుళంలో వెయ్యి భాగాల్లో 1.2 భాగాలకు మించకూడదన్నది వ్యాపారంలో నియమం. లెక్క కడితే అది దాదాపు 30 మైక్రాన్లు. భౌతిక శాస్త్రవేత్త సూత్రం రాసి తేల్చిన మందమూ, మైకా షెడ్డులో చాకు పట్టుకున్న మనిషి వేలి కొసతో తీసే మందమూ దాదాపు ఒకటే. ఇది కాకతాళీయమే. అయినా నేను దాన్ని తేలిగ్గా దాటిపోలేను. దేశంలో లక్షల సంఖ్యలో రేకులను ఆ మందానికి తెచ్చినవాళ్ల చేతిలో కొలబద్ద లేదు.

నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టూ ఉన్న నేలలో ఆకుపచ్చ ఛాయ ఉన్న మస్కవైట్ అభ్రకం దొరుకుతుంది. జార్ఖండ్‌లోని కోడెర్మా వైపు దొరికేది కాస్త ఎర్రటి ఛాయలో ఉంటుంది, దాన్ని రూబీ మైకా అంటారు. పైకి రాయిలా కనిపించే అభ్రకం దిమ్మలను గనుల వాళ్లు బుక్కులు అంటారు. నెల్లూరు వైపు ఇనికుర్తి గనిలో పది అడుగుల అడ్డం, పదిహేను అడుగుల లోతు ఉన్న బుక్కు దొరికిందని, పగులూ మచ్చా లేని 30 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు పలకలు తీశారని నూరేళ్ల నాటి గ్రంథాలు చెబుతాయి. ప్రపంచంలో దొరికిన అతిపెద్ద స్ఫటికాల జాబితాల్లో ఈ ఊరి పేరు కనిపిస్తుంది.

గని నుంచి వచ్చిన దిమ్మకు ముందు మట్టి, పెళుసు అంచులు కొట్టేస్తారు. తర్వాత మందపు పలకలుగా చీలుస్తారు. అంచులు సరిచేయడంలో ప్రాంతాన్ని బట్టి చెయ్యి మారుతుంది. కోడెర్మా వైపు కొడవలి, మన వైపు కత్తెర. చివరిది, అన్నిటికన్నా నైపుణ్యం ఉన్న పని, పొర తీయడం. షెడ్డుల్లో ఇది ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. పలక అంచును కాస్త రాపాడిస్తే పొరలు విచ్చుకుంటాయి. విచ్చుకున్న చోట చిన్న రెండంచుల చాకు మొన దూరుస్తారు. బలం పెట్టరు. మొన లోపలికి పోయిందంటే పొర తనంతట తాను లేవడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పుడు చాకును పక్కకు జరిపి బొటనవేలితో అందుకుంటారు. వేలు తొందరపడితే పొర సగంలో తెగి మెట్టు పడుతుంది. మెట్టు పడిన రేకు కండెన్సరుకు పనికిరాదు, వెలుగుకు అసలు పనికిరాదు. లేచిన రేకు మందం సరిపోయిందో లేదో చేతికి తగిలే వంపును బట్టి, పట్టుకుని ఆడిస్తే వచ్చే చప్పుడును బట్టి తెలుసుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో వాల్వులకు, కండెన్సర్లకు ఈ రేకులు లేకపోతే పని నడవలేదు. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి భారతదేశపు అభ్రకం కొనడానికే ఉమ్మడి మిషన్ పెట్టుకున్నాయి. గని కూలీల సంక్షేమ నిధి చట్టం వచ్చింది 1946లో. రేకు విలువ ప్రపంచానికి తెలిసినంత త్వరగా, రేకు తీసిన చేతి విలువ తెలియలేదు. జార్ఖండ్ వైపు ముక్కల అభ్రకం ఏరడానికి పిల్లలు వెళ్తున్నారన్న వార్తలు ఈ శతాబ్దంలో కూడా వచ్చాయి. ఈ పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ మాట దాటేయకూడదు.

చార్మినార్ దగ్గర వెండి వరఖు కొట్టే పనిని చూసినవాళ్లకు ఇక్కడ ఒక పోలిక తడుతుంది. పుస్తకంలా కుట్టిన పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, లయ తప్పకుండా సుత్తితో కొడుతూ పోతే, ఊపిరి తగిలినా ఎగిరిపోయే రేకు వస్తుంది. అది సామాన్యమైన నేర్పు కాదు. ఆ సుత్తి చప్పుడు ఒక్క దెబ్బ గతి తప్పినా రేకు ఒకచోట పలచబడి చిరుగుతుంది. కానీ వరఖుకు పలుచదనం బయటి నుంచి వచ్చింది. వెండిలో పొరలు లేవు, కొట్టి పరిచారు. ఎటు తిప్పినా ఒకటే. అభ్రకంలో పలుచదనం లోపలే ఉంది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా అల్లుకున్న పొరకూ పొరకూ మధ్య పొటాషియం పరమాణువుల వరుస ఒక్కటే బంధం. చాకు మొన వెతికేది ఆ వరుసనే. రేకు లోపలి అల్లిక కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. కాబట్టి రేకుకు దిశ ఉంది. వెలుగుకు దారి చెప్పగలిగేది ఆ దిశ వల్లనే.

ఆ దిశ ఎటుందో తెలుసుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. మొండి సూది మొనను రేకు మీద ఆనించి చిన్నగా ఒక్క దెబ్బ కొడతారు. ఆ చోట ఆరు కిరణాల నక్షత్రం పడుతుంది. మూడు పగుళ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ, అరవై డిగ్రీల ఎడంతో. అందులో ఒక గీత మిగతా రెండింటి కంటే బాగా పొడుగ్గా సాగుతుంది. స్ఫటికపు సౌష్ఠవ తలం ఆ గీత వెంట ఉంటుంది. వెలుగు త్వరగా పోయే దిశ, నెమ్మదిగా పోయే దిశ అక్కడి నుంచి లెక్క కట్టుకోవచ్చు. సూదీ సుత్తీ తప్ప మరేమీ లేకుండా, రేకు చేతనే తన అక్షాన్ని చెప్పించారు.

ఇప్పుడు మార్కెట్లో దొరికే ఇస్త్రీపెట్టెల్లో, టోస్టర్లలో చాలావరకు ఉన్నది సహజ రేకు కాదు. ముక్కల అభ్రకాన్ని నలిపి, గుజ్జు చేసి, కాగితంలా ఒత్తి, జిగురుతో గట్టిపరిచిన మైకా పేపర్. వేడికి, కరెంటుకు అది బాగానే పనికొస్తుంది, చవక కూడా. కానీ అందులో కోటానుకోట్ల ముక్కలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. కళ్లద్దాల పరీక్షలో దానికి రంగు రాదు. పాత ఎలిమెంటులోని పారదర్శకమైన రేకును ఎవరైనా పారేస్తుంటే అడిగి తీసుకోండి.

వేడి, వెలుగు. ఈ రెండు గుణాల్లో మనవాళ్లు ముందు పట్టుకున్నది వేడిని. రసశాస్త్ర గ్రంథాలు అభ్రకాన్ని నాలుగు రకాలు చేశాయి. ఆ విభజన రంగును బట్టి కాదు, దొరికిన చోటును బట్టి కాదు. నిప్పులో వేస్తే ఏం చేస్తుందన్నదే కొలత. పినాకం నిప్పు తగలగానే రేకులు రేకులుగా విడిపోతుంది. దర్దురం కప్పలా చప్పుడు చేస్తూ ఎగిరిపడుతుంది. నాగం బుసకొడుతుంది. వజ్రం మాత్రం ఏ మార్పూ లేకుండా ఉండిపోతుంది. మందుకు ఎంచుకోవలసింది వజ్రాభ్రకాన్నే అన్నారు. కొలిమి పక్కన కూర్చుని చెవి ఒగ్గి విన్నవాళ్లు తప్ప ఇలాంటి వర్గీకరణ చేయలేరు. అభ్రకం పొరల్లో నీటి అంశ ఉంది. వేడికి అది ఆవిరై బయటపడే తీరు స్ఫటికపు కూర్పును బట్టి మారుతుంది. విడిపోవడం, చిటపటలాడటం, బుసకొట్టడం అన్నీ దాని వేషాలే.

శుద్ధి చేసే పద్ధతి కూడా పనివాడి బుర్ర నుంచి వచ్చిందే. అభ్రకాన్ని ఎర్రగా కాల్చి ద్రవంలో ముంచుతారు. మళ్లీ కాల్చి మళ్లీ ముంచుతారు. పొరలు సడలుతాయి. తర్వాత దానికి వడ్లు కలిపి గుడ్డలో మూటకట్టి, కలిలో నానబెట్టి, చేతులతో పిసుకుతారు. వడ్ల గింజల గరుకు అంచులు పొరల్లో దూరి చీలుస్తాయి. గుడ్డ సందుల్లోంచి సన్నని అభ్రకం బయటికి వస్తుంది, రాళ్లూ మందపు ముక్కలూ మూటలోనే ఉండిపోతాయి. ధాన్యాభ్రకం అని దీని పేరు. యునానీలో ఇదే వరుసలో కుష్తా అబ్రక్ ఉంది. చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఈ పేటలో ఆ మాట కొత్తేమీ కాదు. మందుగా దాని గుణదోషాలు వైద్యుల సంగతి. నేను చూస్తున్నది చేతి తెలివిని. పొరల పదార్థాన్ని చీల్చడానికి వడ్లను పనిముట్టు చేసుకున్న ఆ ఊహను.

నిప్పులో రేకులుగా విచ్చుకునే ఆ పినాకాభ్రకం 19వ శతాబ్దంలో ఎడింబరోలో ఒక ప్రయోగపు బల్ల మీదికి వచ్చింది. జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్‌కు రసశాస్త్రం తెలిసి ఉండకపోవచ్చు. ఆయన ముందున్న ప్రశ్న వేరు. కంటికి కనబడని వేడి కిరణాలు, అంటే 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టిన పరారుణ కిరణాలు, వెలుగు లాంటివేనా? వెలుగైతే ధ్రువణం చెందాలి. టూర్మలిన్ స్ఫటికాలతో అంతకుముందు చేసిన ప్రయత్నాలు అనుమానాన్ని తీర్చలేదు. ఫోర్బ్స్ అభ్రకం రేకులను దొంతరగా పేర్చి ఏటవాలుగా నిలబెట్టాడు. ఆ కోణంలో ప్రతి ముఖమూ ఒక దిశలోని కంపనాన్ని కొంత వెనక్కి కొడుతుంది, రెండో దిశలోనిదాన్ని పోనిస్తుంది. ముఖాలు ఎన్ని ఎక్కువైతే వడపోత అంత బాగుంటుంది. అలాంటి దొంతరలు రెండు పెట్టి, ఒకదాన్ని తిప్పితే వేడి తగ్గింది, మళ్లీ పెరిగింది. 1835లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వెలిగే ప్లాటినం దగ్గర మొదలుపెట్టి, ఏ వెలుగూ ఇవ్వని కాలిన ఇత్తడి దాకా, మరిగే నీళ్ల పాత్ర దాకా పరీక్షించి చూశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు.

తర్వాత ఆయన చేసిన మెరుగుదలే నన్ను కట్టిపడేస్తుంది. ఎన్ని రేకులు పేర్చినా మందం పెరిగేకొద్దీ అభ్రకమే వేడిని మింగేస్తుంది. ముఖాలు చాలా కావాలి, పదార్థం మాత్రం కొంచెమే ఉండాలి. ఒక అభ్రకం పలకను ఉన్నపళంగా తీవ్రమైన వేడిలో పెట్టాడు. లోపల పొరలు విచ్చుకుని, మధ్య మధ్య గాలి చేరి, పలక వెండిలా మెరిసింది. ఒక్క పలకలోనే లెక్కలేనన్ని ముఖాలు. చాకు చేయలేని పలుచదనం నిప్పు చేసిపెట్టింది. చీల్చే పని, పేర్చే పని ఒకేసారి అయిపోయాయి. పొరల స్ఫటికం, పరారుణం, ధ్రువణం, కొలిమి వేడి, నాలుగూ ఒక బల్ల మీద కలిసిన మొదటి సందర్భాల్లో ఇది ఒకటి. 1838లో రాయల్ సొసైటీ ఆయనకు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది.

ఆ శతాబ్దం చివర్లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోసు ఇంకా పొడవైన అలలతో ఇదే దారి పట్టాడు. బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి, దానితోనే విద్యుదయస్కాంత తరంగాలను వడకట్టాడు. పొడవైన అలలను కూడా వరుస తప్పని పొరలు వడకట్టగలవని దానితో తేలింది.

అభ్రకానికి ఒక హద్దు ఉంది. ఇంట్లో వస్తువులు, మన ఒళ్లు ఎక్కువగా వెదజల్లే కిరణాల అల పొడుగు 8 నుంచి 14 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. వస్తువు ఎంత వేడెక్కితే అల అంత పొట్టిదవుతుంది గానీ, ఉష్ణ కెమెరాలు చూసే ప్రధాన కిటికీ ఇదే. సరిగ్గా ఇక్కడ అభ్రకం చీకటి గోడ. 9, 10 మైక్రాన్ల దగ్గర దానిలోని సిలికాన్-ఆక్సిజన్ బంధాలు ఊగి కిరణాన్ని మింగేస్తాయి. ఇస్త్రీపెట్టెలో ఎర్రటి రిబ్బన్‌ను మోసిన రేకు, ఈ పొడవున్న కిరణాలకు దారి మాత్రం ఇవ్వలేదు. పైగా మస్కవైట్‌ను 500, 600 డిగ్రీలు దాటిస్తే పొరల్లోని నీరు పోయి స్ఫటికమే చెడుతుంది.

కాబట్టి ఇంకో పొరల స్ఫటికం కావాలి. ప్లాస్టిక్ పోలరైజర్ల మాట అక్కర్లేదు, అవి కరిగిపోతాయి. పరారుణాన్ని పోనిచ్చే పలక మీద సన్నని లోహపు తీగల జాలీ చెక్కే పద్ధతి ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ చెక్కడం ఖరీదు, ఎక్కువ వేడిలో తీగలు పాడవుతాయి. బోరాన్ నైట్రైడ్ వేడికి గట్టిది, కానీ దాని పొర తలంలో అన్ని దిశలూ సమానమే. నల్ల భాస్వరానికి దిశ ఉంది గానీ గాలి తగిలితే చెడిపోతుంది. ఇన్ని వడపోతల తర్వాత మిగిలినవాటిలో ముందు వరుసలో ఉన్నది మాలిబ్డినం ట్రైఆక్సైడ్.

ఆ పేరు పాతబస్తీ అంచులకు కొత్త కాదు. సంతోష్‌నగర్ దాటి కంచన్‌బాగ్ వెళ్తే 1973లో ఏర్పడిన మిధాని కనిపిస్తుంది. ప్రత్యేక ఉక్కులు, టైటానియం, సూపర్ అల్లాయ్‌లతో పాటు మాలిబ్డినం ఉత్పత్తులు కూడా చేసిన కర్మాగారం అది. మాలిబ్డినం లోహం తీసేవాళ్లకు ట్రైఆక్సైడ్ దారిలో మజిలీ లాంటిది. హైడ్రోజన్‌లో కాల్చి ఆక్సిజన్‌ను తరిమేస్తే లోహపు పొడి మిగులుతుంది. లోహం కోసం వెళ్లేవాళ్లు దాటిపోయే ఆ పొడే, వెలుగు కోసం వచ్చేవాళ్లకు గమ్యం. మిధాని పక్కనే రక్షణ పరిశోధనాలయాలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. ఈ రెండూ హైదరాబాదులో మొదలైన 1960ల్లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నది సూరి భగవంతం. నిజాం కాలేజీలో చదివి, సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1952 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న మనిషి. ఆయన అసలు విద్య స్ఫటికాల సౌష్ఠవం. స్ఫటికాన్ని ఒత్తితే దానిలో వెలుగు దారి ఎలా మారుతుందన్న విషయంలో పోకెల్స్ అనే శాస్త్రవేత్త వేసిన పాత పట్టికలను కొన్ని తరగతుల స్ఫటికాలకు సరిదిద్దింది ఆయనే, 1942లో. స్ఫటికం ఏ దిశలో ఏ గుణం చూపగలదో, చూపలేదో దాన్ని కోయకముందే, కొలవకముందే కాగితం మీద చెప్పగల గణితం అది. ఈ రోజు కొత్త పొరల స్ఫటికాలను ఏరుకునేవాళ్లు ముందు చూసేది ఆ లెక్కనే.

మాలిబ్డినం ట్రైఆక్సైడ్ లోపల ఏముందో దగ్గరగా చూద్దాం. మాలిబ్డినం చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి, కానీ బంధాల పొడవులు మూడు దిశల్లో మూడు తీరులు. ఒక్కో పొర 0.7 నానోమీటర్ల మందం. పొరల మధ్య పట్టు బలహీనం, అభ్రకంలోలా మధ్యలో పొటాషియం కూడా లేదు. బంధాల పొడవు మారితే అవి ఊగే వేగం మారుతుంది. ఆ ఊపుతో శ్రుతి కలిసిన పరారుణ కిరణానికి స్ఫటికం లోహంలా ఎదురు నిలుస్తుంది, వచ్చినదాన్ని వచ్చినట్టు తిప్పికొడుతుంది. ఒక దిశలో ఈ అడ్డు సుమారు 10.3 నుంచి 12.2 మైక్రాన్ల దాకా, దానికి లంబ దిశలో 11.7 నుంచి 18 మైక్రాన్ల దాకా. అంటే 11 మైక్రాన్ల కిరణం ఒక దిశలో కంపిస్తూ వస్తే ఈ రేకు అద్దం. అదే కిరణం పక్కకు తిరిగి కంపిస్తే ఈ రేకు కిటికీ. చెక్కిన గీత ఒక్కటీ లేదు. ఒకే రేకు, ఒకే ముఖం. నాకు తెలిసిన పనితనాల్లో ఇంత పొదుపైనది లేదు.

అభ్రకంలో రెండు దిశల తేడా 0.0045 అని చెప్పుకున్నాం. అక్కడ ఆ చిన్న తేడాను వేల పొరల మీద పోగేయాలి. ఇక్కడ తేడా అద్దానికీ కిటికీకీ ఉన్నంత. అందుకే అల పొడుగు 11 మైక్రాన్లున్నా రేకు దానికన్నా పలుచగా ఉండి కూడా పనిచేస్తుంది. ఒక పొర తలంలోనే రెండు దిశల మధ్య ఇంత వైరుధ్యం ఉందని 2018లో ప్రయోగాల్లో తేలింది. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి మెలితిప్పి పెడితే కిరణపు నడక ఇంకా మారుతుందని 2020లో చూపించారు. ఈ రేకులతోనే అధిక ఉష్ణోగ్రతల్లో పనిచేసే మధ్య పరారుణ పోలరైజర్‌ను ముంబై ఐఐటీ పరిశోధకులు చేసి చూపారు.

వేడి దగ్గర దీని బలం సూటిగా ఉంది. ఇది ముందే ఆక్సైడ్. ఇంకా కాలడానికి ఏమీ మిగల్లేదు. 795 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి ముందే ఆవిరి కావడం మొదలవుతుంది, కాబట్టి వాడుక అంతకు చాలా కింద ఆగాలి. వేడెక్కేకొద్దీ బంధాల ఊపు కాస్త మందగించి, అడ్డుకునే పట్టీ అటూ ఇటూ జరిగి వెడల్పవుతుంది. తయారుచేసేవాళ్లు ఆ జరుగుడుకు ముందే చోటు వదలాలి.

రేకు ఎలా వస్తుంది? ఆక్సైడ్ పొడిని గొట్టపు కొలిమిలో కరిగే వేడికి దగ్గరగా తీసుకెళ్తారు. ఆవిరి లేచి, కొలిమిలో చల్లని వైపుకు వెళ్లి, అక్కడ పొడవాటి పట్టీల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. వాటి మీద గమ్ టేపు అంటించి లాగుతారు. టేపును మడిచి మళ్లీ లాగుతారు. మాంచెస్టర్‌లో 2004లో గ్రాఫీన్ తీసింది ఈ పద్ధతిలోనే. చివరికి టేపును సిలికాన్ పలక మీద ఒత్తి మెల్లగా లేపితే రేకులు దిగుతాయి. ఇక సూక్ష్మదర్శిని కింద వేట. రేకు మందాన్ని ఇక్కడ కూడా ముందు రంగే చెబుతుంది. అభ్రకంలో రంగు ధ్రువణం నుంచి వచ్చింది, ఇక్కడ పలుచని పొర మీదా కిందా తిరిగివచ్చిన వెలుగుల కలయిక నుంచి వస్తుంది. అనుభవం ఉన్న విద్యార్థి రంగు చూసి మందం చెప్పేస్తాడు, తర్వాతే సూదిమొన సూక్ష్మదర్శినితో కొలిచి ఖాయం చేసుకుంటాడు. దిశ కోసం సూదితో కొట్టాల్సిన పని లేదు. పట్టీ పొడుగు అంచే స్ఫటికపు అక్షం. పొడవునా గీత గీసినట్టు నిటారుగా ఉండే ఆ అంచును కిరణపు దిశకు సరిపెట్టుకుంటే చాలు. అంచు ఎక్కడైనా వంకర తిరిగితే ఆ రేకును పక్కన పెడతారు. టేపు లాగే వేగం, లేపే కోణం గురించి పరిశోధన పత్రంలో ఒక వాక్యం మించి ఉండదు. అది ఒకరి దగ్గర ఒకరు చూసి నేర్చుకునేదే. గూడూరు షెడ్డులో బొటనవేలి పని ఎలా చేతులు మారిందో ఇదీ అలాగే మారుతోంది.

ఇంకా తేలనిది పరిమాణం. నెల్లూరు నేల అడుగుల లెక్కన ఇచ్చింది. గొట్టపు కొలిమి ఇస్తున్న పట్టీల్లో మెట్టూ మడతా లేని భాగం మిల్లీమీటర్లలోనే ఉంటోంది. సూక్ష్మదర్శిని కింది కిరణానికి అది చాలు. కొలిమి ముందు పెట్టే ఉష్ణ కెమెరా కన్నుకు చాలదు. కొలిమి వేడి చివరి దాకా ఎంత నెమ్మదిగా తగ్గాలి, ఆవిరి ఎంత వేగంతో సాగాలి, పేరుకునే చోట ఏ పలక ఉంచాలి అన్న ప్రశ్నల మీద ఇప్పుడు పని జరుగుతోంది. వేడి ఒకచోట పది డిగ్రీలు ఎగిరితే పట్టీ మీద పట్టీ అడ్డంగా మొలుస్తుంది, ఆ ఘానంతా మళ్లీ పొడిచేసి మొదటినుంచి పెంచుకోవాలి.